ఎర్ర పట్టీ కనిపించని బొమ్మలు

ఈసారి మా బడి ప్రదర్శనకి ఇథియోపియా దొరల వేషధారణ గురించి ఒక బొమ్మ గీసే పని నాకు వచ్చింది. పాత అచ్చు చిత్రాలు చూసి, అన్నిటికంటే గంభీరంగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. తల చుట్టూ సింహం జూలు, చేతిలో గుండ్రటి డాలు, నడుముకి వంకర కత్తి. గీసి, కింద "ఆఫ్రికా రాజు" అని రాశాను.

మా తాతయ్య చూసి, "ఏ రాజమ్మా? పేరు లేదా?" అని అడిగారు. జవాబు చెప్పలేకపోయాను. అచ్చులో కూడా "అబిసీనియా సర్దారు" అని మాత్రమే ఉంది. ఇథియోపియాని అప్పట్లో అబిసీనియా అనేవారు. అందుకని చిత్రాలన్నీ మళ్లీ చూశాను. ఈసారి వాటిలో లోటు కనిపించింది.

అక్కడి ముఖ్యమైన బట్ట షమ్మా. చేత్తో నేసిన తెల్లని నూలు బట్ట, దుప్పటిలా ఒంటికి చుట్టుకుంటారు. పేదవాళ్లూ కప్పుకునేవారు, రాజులూ కప్పుకునేవారు. వెడల్పాటి ఎర్ర పట్టీతో నేస్తే అది జానో, అంటే గౌరవం పొందినవాళ్ల బట్ట. భుజాల మీద వేసుకునేది లెమ్ద్. మొదట అది సింహం తోలో, చిరుత తోలో. తర్వాత మఖ్మలుతో కుట్టినా కింద పట్టీలు వేలాడేలా ఉంచారు. అవి తోలుకి ఉండే కాళ్లకు గుర్తు.

1868లో మగ్దాలా యుద్ధం జరిగినప్పుడు ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ లాంటి పత్రికలు చెక్క అచ్చులతో బొమ్మలు వేశాయి. అవన్నీ నలుపు తెలుపే. అలాంటి అచ్చులో జూలు, డాలు బాగా కనిపిస్తాయి గానీ, ఎర్ర పట్టీ నల్ల గీతల్లో కలిసిపోతుంది. యోధుడు తెలుస్తాడు, అతని హోదా తెలియదు.

వీటికంటే బెర్నాట్జ్ చిత్రాలు నాకు నచ్చాయి. 1841లో బొంబాయి నుంచి హారిస్ నాయకత్వంలో ఒక బ్రిటిష్ బృందం షోవా రాజు సాహ్లే సెలాసీ దగ్గరికి వెళ్లింది. బెర్నాట్జ్ ఆ బృందంలోని జర్మన్ చిత్రకారుడు. ఆయన బొమ్మలు 1852లో పుస్తకంగా వచ్చాయి. ఆయన కళ్లారా చూసి గీశాడు, రాజుని పేరున్న మనిషిగా చూపించాడు.

అయినా మనిషిని ఒంటరిగా నిలబెట్టి గీసిన ఏ బొమ్మైనా ఒక సంగతి చెప్పలేదు. షమ్మా ఎలా కప్పుకోవాలనేది ఎదుట ఎవరున్నారనే దాన్ని బట్టి ఉండేది. పెద్దవాళ్ల ముందు భుజాల మీంచి దించి నడుముకి కట్టుకునేవారు. తమకంటే కింది హోదావాళ్ల ముందు నోటిదాకా కప్పుకునేవారు. ఎదుటి మనిషిని తీసేస్తే మర్యాద పోయి బట్ట మాత్రం మిగులుతుంది.

గుళ్లో దేవుడి ముందు మా తాతయ్య కూడా పైపంచె తీసి నడుముకి చుట్టుకుంటారు. అప్పుడు ఎవరైనా ఆయన ఒక్కరినే ఫోటో తీసి, కింద "చొక్కా లేని ముసలాయన" అని రాస్తే మాకు ఎలా ఉంటుంది? నేను చేసింది కూడా అలాంటి పనే.

నా బొమ్మని చించెయ్యలేదు. కింద రాసింది కొట్టేసి, "ఇథియోపియా సర్దారు. ఈయన పేరు అచ్చులో రాయలేదు" అని మార్చాను. పక్కన ఇంకో బొమ్మ గీశాను. అందులో ఇద్దరున్నారు: ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఆయన ముందు ఒక సర్దారు జానోని నడుముకి కట్టుకుని నిలబడ్డాడు. పట్టీకి ఎర్ర రంగు నేనే వేశాను.