నాలుగు స్క్రూల పనితనం

డెస్క్‌టాప్‌లో ఇంకో హార్డ్ డిస్క్ బిగించడమంటే రెండు కేబుళ్లు గుచ్చడమేగా అనిపిస్తుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఆ పనిలో ఆరితేరిన చెయ్యి ముందు కేబుల్ మీదకు పోదు. కరెంటు తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్‌ను వదిలించుకుంటుంది. తర్వాత చూడాల్సింది మదర్‌బోర్డు మాన్యువల్. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటులో ఎస్ఎస్‌డీ పెడితే డిస్కులు తగిలించే సాటా పోర్టుల్లో ఒకటో రెండో మూగబోతాయి. అది తెలియనివాడు కొత్త డిస్కే పాడైందంటాడు. 7 పిన్నుల సన్న కేబుల్ డేటాకు, 15 పిన్నుల వెడల్పాటిది కరెంటుకు. రెండింటికీ ఎల్ ఆకారపు గాడి ఉంటుంది. తిరగేసి బలంగా నొక్కితే డిస్కు వైపున్న ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది, అంతే సంగతులు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కుకు స్క్రూలు వదులైతే క్యాబినెట్ అంతా గుయ్యిమంటుంది.

వీడియో చూసి ఎవరైనా చేసుకోవచ్చు కదా అంటారు. నిజమే, చేసుకోవాలి కూడా. కానీ 4 టీబీ డిస్కులో 2 టీబీయే వాడుకోనిస్తుంటే, లోపం డిస్కుది కాదు, డిస్కును విభజించే పాత ఎంబీఆర్ పద్ధతిది, కొత్త పద్ధతి జీపీటీకి మార్చాలి అని పసిగట్టేది అనుభవమే. క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకనేవాళ్లూ ఉన్నారు. వందల జీబీల పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్లను అడగండి. మీరే బిగించుకుంటే మాత్రం, ఫార్మాట్ నొక్కేముందు అది ఏ డిస్కో సైజును బట్టి రెండుసార్లు చూసుకోండి.