నికుంభ్ సార్ రాకపోయుంటే?

'తారే జమీన్ పర్' (2007) ఈమధ్య మళ్ళీ చూశాను. ఈసారి నా కళ్ళన్నీ స్టాఫ్‌రూమ్ మీదే.

ఇషాన్ నోట్‌బుక్కుల్లో ఒకే రకం తప్పులు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. వాటిని దిద్దిన టీచర్లు ఎర్ర గీతలు పెట్టి ఊరుకున్నారు. డ్రాయింగ్ మాస్టారైతే స్కేలుతో వేళ్ళమీద కొట్టాడు. పిల్లాడు డాబా అంచుదాకా వెళ్తే కాపాడింది రాజన్, అంటే తోటి పిల్లాడు! ఆ సీన్ తర్వాత సినిమా ఏ టీచర్నీ నిలదీయదు. నాకు మింగుడుపడనిది అదే.

నికుంభ్ గమనిస్తాడు, ముంబై వెళ్ళి అమ్మానాన్నలతో మాట్లాడతాడు, ప్రిన్సిపాల్‌ని ఒప్పిస్తాడు. ఎందుకూ? చిన్నప్పుడు తనకీ డిస్లెక్సియానే కాబట్టి. పైగా అతను టెంపరరీ టీచర్. టీచర్ ఉద్యోగంలో భాగం కావాల్సిన పనిని సినిమా ఒక మంచివాడి దయ చేసేసింది.

కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2009లో వచ్చింది. డిస్లెక్సియా వికలాంగుల హక్కుల చట్టంలోకి ఎక్కింది 2016లో. సినిమానాటికి ఈ రెండూ లేవు, ఒప్పుకుంటాను. కానీ పిల్లాడు నెలల తరబడి మాట్లాడ్డం మానేస్తే గమనించడానికి సెక్షన్ నంబర్ కావాలా?

చివర్న ఆర్ట్ ఫెయిర్‌లో ఆ టీచర్లే బొమ్మలేస్తూ నవ్వుతుంటారు. ఆ నోట్‌బుక్కులు దిద్దిందెవరని ఎవరూ అడగరు.