పదహారు మిల్లీసెకన్ల పనితనం

చేవెళ్లలో ఒక సందులో ఆ దుకాణం ఉంది. బోర్డు మీద మోటార్ వైండింగ్ అనే రాసి ఉంటుంది. లోపల ఎడమ పక్కన తండ్రి పీట మీద కూర్చుని బోరు మోటార్లకు రాగి తీగ చుడుతుంటాడు. కుడి పక్కన బల్ల మీద కొడుకు కంప్యూటర్లు విప్పుతుంటాడు. ఇద్దరికీ ఒకటే పొడుగు నోటుబుక్కు. ఒక పేజీలో తండ్రి రాత: ఐదు హెచ్‌పీ, స్లాట్లు 24, కాయిల్‌కు ఇన్ని చుట్లు, తీగ గేజి ఇంత, ఖాళీగా తిప్పితే ఇన్ని ఆంపియర్లు, లోడు మీద ఇన్ని. ఎదుటి పేజీలో కొడుకు రాత: ఏ గేము, గది ఎంత వేడి, ప్రాసెసర్ ఎంత వేడి, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఏం మార్చాక ఎంత మారింది. ఆ రెండు పేజీలూ ఎదురెదురుగా చూశాకే ఈ అబ్బాయి గురించి రాయాలనిపించింది. పేరు వేయొద్దని అడిగాడు, వేయను.

మా మేనల్లుడు మొయినాబాద్‌లో మా ఇంట్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇంట్లో ఉన్న కంప్యూటర్ 2020లో వాడి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది. ఇంటెల్ కోర్ ఐ5-10400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎన్విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, విండోస్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, మిగతా సామాను దాచుకోవడానికి హార్డ్ డిస్కు. వాడు ఎక్కువగా ఆడేది జీటీఏ ఫైవ్. పీసీ మీదికి 2015 ఏప్రిల్‌లో వచ్చిన పాత గేమది, ఈ మిషన్ సులువుగా మోయాలి. మొదటి పది నిమిషాలు బాగానే నడిచేది. తర్వాత బొమ్మ తడబడేది. కారు మలుపు తిరుగుతుంటే తెర ఒక్క క్షణం బిగుసుకుపోయి, కారు గోడలోకి వెళ్లాక మళ్లీ కదిలేది. నగరంలో ఒక దుకాణంలో అడిగితే, డబ్బా విప్పి చూడకుండానే కార్డు పాతదైంది, కొత్తది వేసుకోమన్నారు. దాని ధరకు ఇంట్లో ఒప్పుకోలేదు. అలా చేవెళ్ల అబ్బాయి దగ్గరికి చేరాం.

డబ్బా తీసుకురమ్మంటాడనుకున్నాను. తనే వస్తానన్నాడు. బోరు మోటారు చెడితే నాన్న బావి దగ్గరికే పోతాడని, గది, ప్లగ్గు, బల్ల చూడకుండా తనకు సగం సంగతి తెలియదని అన్నాడు. వచ్చి, చెప్పులు విడిచి, స్క్రూడ్రైవర్ బయటికి తీయకుండానే మావాడిని అడగడం మొదలుపెట్టాడు.

"ల్యాగ్ అంటే ఏం ల్యాగ్ తమ్మీ? నెట్టు తీసేసి ఆడితే గూడ అట్లనే అయితదా?"

"అట్లనే అయితదన్నా."

"షురూ చేసినంక ఎంతసేపటికి?"

"పది, పదిహేను నిమిషాలకు."

"పొద్దుగాల ఎక్కువనా, మధ్యాహ్నం ఎక్కువనా?"

మధ్యాహ్నమే ఎక్కువ అన్నాడు మావాడు, ఆ సంగతి అంతవరకు తనే గమనించనట్టు కాస్త ఆగి. మూడు ప్రశ్నలే. మొదటి దానితో ఇంటర్నెట్ మీద అనుమానం పోయింది. ఆటగాళ్లు ల్యాగ్ అనే ఒక్క మాట కింద మూడు నాలుగు జబ్బులు కలిపి చెబుతారట. రెండోదీ మూడోదీ వేడి వైపు చూపించాయి. కానీ అతను ఆ మాట పైకి అనలేదు. చూడంది అనకూడదన్నది ఆ దుకాణంలో కట్టుబాటు.

తర్వాత మల్టీమీటర్ తీసి ప్లగ్గులో వోల్టేజీ చూశాడు. మా ఇంటి బోరు ఆపి ఒకసారి, వేసి ఒకసారి. 221, 214. కరెంటు మరీ పడిపోతే కంప్యూటర్ ఆగిపోతుందే గాని ఇలా నెమ్మదించదని చెప్పి ఆ అనుమానాన్నీ పక్కన పెట్టాడు. డబ్బా వెనక్కి వంగి, మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకే ఉందా, పైన మదర్‌బోర్డుకు ఉన్న రంధ్రంలో పెట్టారా అని వేలితో తడిమి చూశాడు. కార్డు కొనుక్కుని కూడా తీగ బోర్డుకే గుచ్చి నెలల తరబడి ఆడేవాళ్లు ఎందరో తన దగ్గరికి వచ్చారట. మాది సరిగానే ఉంది.

ఆ తర్వాత తెర మీద నడిపించినదాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. గేము నడుస్తుండగానే తెర మూలన అంకెలు, వాటి కింద ఒక గీత కనబడతాయి. అలెక్సీ నికొలాయ్‌చుక్ అనే రష్యా ప్రోగ్రామర్ 1990ల చివర్లో ఎన్విడియా రివా కార్డుల కోసం రివాట్యూనర్ అనే సాధనం రాయడం మొదలుపెట్టాడు. ఇతను నడిపించిన ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ దాని నుంచే పెరిగింది. ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంటోంది. దానిలోని గీతే ఈ అబ్బాయికి నాడి.

మన కంప్యూటర్ల మానిటర్లలో ఎక్కువ భాగం సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తాయి. అంటే ఒక్కో బొమ్మ తయారు కావడానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ప్రతి బొమ్మా ఆ గడువులో వస్తే గీత కాలువ నీళ్లలా చదునుగా పోతుంది. ఒక బొమ్మకు 100 మిల్లీసెకన్లు పడితే అక్కడ ముల్లులా లేస్తుంది. ఆ ముల్లే కంటికి తగిలే తడబాటు. సెకనుకు ఎన్ని బొమ్మలని సగటు లెక్కేస్తే ఆ ముల్లు లెక్కలో కలిసిపోయి కనబడదు. 2011లో స్కాట్ వాసన్ అనే అమెరికన్ సమీక్షకుడు టెక్ రిపోర్ట్‌లో ఈ సంగతి విప్పి చెప్పాకే, కార్డుల మీద సమీక్షలు రాసేవాళ్లు సెకను లోపలికి తొంగి చూడటం నేర్చుకున్నారు. చేవెళ్లలో ఈ అబ్బాయి అదే చూపు నేర్చుకుని వాడుతుంటే నాకు గర్వంగా అనిపించింది.

జీటీఏలోనే ఒక పరీక్ష ఉంది. ప్రతిసారీ అవే దృశ్యాలు, అదే వరస. దాన్నే మళ్లీ మళ్లీ నడిపించాడు. రెండోసారి నడుస్తుండగా గీత మీద ముళ్లు మొలవడం మొదలైంది. పక్కన అంకెలు మా చేత చదివించాడు. ప్రాసెసర్ వేడి 99, 100 డిగ్రీలు. ఆరు కోర్లూ పనిలో ఉన్నప్పుడు 4 గిగాహెర్ట్జ్ దాకా పోగల ప్రాసెసర్ 1.8 దగ్గర ఈడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తన సత్తాలో 40 శాతమే వాడుతోంది.

"కార్డు అలిసిపోలే సార్. ఖాళీగ నిలవడ్డది" అన్నాడు. "నాట్లేసేటోళ్లు పది మంది మడిలున్నరు. నారు అందిచ్చేటాయన ఒక్కడు, ఆయనకు ఎండదెబ్బ తగిలింది. ఇంకో పది మందిని పిలిస్తే ఏమొస్తది?"

బొమ్మలో ఎవరు ఎక్కడుండాలి, కారు ఎటు పోవాలి అని లెక్క కట్టి పంపేది ప్రాసెసర్. దానికి రంగు పోసేది కార్డు. లెక్క రాకపోతే రంగువాడు కూర్చుంటాడు. కొత్త కార్డు వేసుకుని ఉంటే వేల రూపాయలు పోసి అదే 100 డిగ్రీల ప్రాసెసర్ ముందు ఇంకా పెద్ద పనివాణ్ని నిలబెట్టేవాళ్లం. ఈ నాలుగు అంకెలు చూడటానికి పది నిమిషాలు పట్టింది.

అప్పుడు విప్పాడు. ముందు పక్క రేకు తీసి, లోపలి ఇనుమును అరచేత్తో తాకి ఒంట్లోని స్టాటిక్ కరెంటు దించుకున్నాడు. ప్రాసెసర్ మీద ఫ్యాను, దాని కింద రెక్కలు రెక్కలుగా అల్యూమినియం దిమ్మ. ఫ్యానుకూ రెక్కలకూ మధ్య దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంది. రంగు ఎరుపు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెడుతూ 111 జీవో తెచ్చారు. మొయినాబాద్ చుట్టూ ఇంకా దున్నే పొలాలు మిగలడంలో దానికి పెద్ద పాత్రే ఉంది. ఆ పొలాల మట్టి, మర్రిచెట్ల బీజాపూర్ రోడ్డు దుమ్ము కలిసి ఏళ్ల తరబడి మా కిటికీలోంచి ఆ రెక్కల్లోకి వెళ్లాయి. చిన్న పెయింటు బ్రష్షుతో వదులు చేసి, బ్లోయర్‌తో ఊదాడు. ఊదేటప్పుడు ఎడమ చూపుడు వేలు ఫ్యాను రెక్క మీదే ఉంది. బయటి గాలికి ఫ్యాను అదుపు తప్పి తిరిగితే బేరింగు అరుగుతుంది. పైగా మోటారును బయటి నుంచి తిప్పితే అది డైనమో అయి బోర్డులోకి కరెంటు పంపగలదు. ఆ రెండో సంగతి చెప్పేటప్పుడు వైండింగ్ ఇంటి బిడ్డ అని తెలిసిపోయింది.

అసలు దోషం దుమ్ములో సగమే. ఇంటెల్‌తో వచ్చే ఆ దిమ్మకు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. నాలుగూ బోర్డు రంధ్రాల్లో టక్కుమని కూర్చుంటేనే దిమ్మ ప్రాసెసర్ మీద సమంగా ఒత్తుకుంటుంది. ఒక పిన్ను పైకి లేచి ఉంది. దిమ్మ తీసి తిరగేసి, తుడవకుండా ముందు మాకు చూపించాడు. దిమ్మకూ ప్రాసెసర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు మీద ముద్ర పడి ఉంది. మూడు మూలల వైపు పేస్టు పొగమంచులా పలచగా పరుచుకుంది. నాలుగో మూల ఎండిన సున్నంలా మందంగా, పగుళ్లతో ఉంది. అక్కడ లోహం లోహాన్ని ఎన్నడూ సరిగా తాకలేదు. ఏ మూల వేడి దిగక ఆగిపోయిందో ఆ ముద్రే చెబుతోంది. దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాకే తుడిచాడు. ఇది పనిలో తొందరపడే చేతికి దొరికే సాక్ష్యం కాదు.

నున్నగా కనబడే లోహాల మధ్య కూడా కంటికి కనిపించని గుంతలుంటాయి. వాటిలో గాలి ఉంటుంది, గాలి వేడిని సరిగా మోయదు. ఆ గుంతలు నింపడానికే పేస్టు. అందుకే ఎక్కువ పూస్తే మేలు కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు ముఖాలూ అద్దంలా తుడిచి, నడిమధ్యన బఠాణీ గింజంత పేస్టు పెట్టాడు. దాన్ని చేత్తో పరవలేదు. దిమ్మ ఒత్తిడే పరుస్తుందట. ఒక పిన్ను నొక్కి, పక్కదాన్ని కాక ఐమూలగా ఉన్నదాన్ని నొక్కాడు. నాలుగు సార్లు టక్కుమంది. ఆ తర్వాత బోర్డును ఒక పక్కకు వంచి, వెనుక వైపు నాలుగు పిన్నుల నల్లటి మొనలూ బయటికి వచ్చాయా అని టార్చి వేసి చూశాడు. చప్పుడును నమ్మి ఊరుకునే మనిషి కాదు.

డబ్బాను గోడ నుంచి జానెడు ముందుకు జరిపి అదే పరీక్ష మళ్లీ పెట్టాడు. 71 డిగ్రీలు. వేగం 4 గిగాహెర్ట్జ్. కార్డు 90 శాతం దాటి పని చేస్తోంది. మావాడు చప్పట్లు కొట్టాడు. అతను మాత్రం గీతనే చూస్తున్నాడు. ముళ్లు తగ్గాయి, పోలేదు. నోటుబుక్కులో అంకెలు రాసుకున్నాకే రెండో పని ముట్టుకున్నాడు. ఒకేసారి రెండు మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదని, రేపు మళ్లీ చెడితే ఎక్కడ వెతకాలో కూడా తెలియదని అన్నాడు. ఎన్నో మరమ్మతులు చూశాను. ఈ నిగ్రహం చాలా తక్కువ మందిలో ఉంది.

రెండోది ర్యామ్. 8 జీబీలో 7.5 నిండిపోయి, మిగిలినది డిస్కు మీదికి పొర్లుతోంది. పైగా ఉన్నది ఒక్కటే ముక్క. ఈ ప్రాసెసర్‌కు ర్యామ్‌తో మాట్లాడటానికి రెండు దారులున్నాయి. 2666 వేగం ర్యామ్ ఒక దారిలో సెకనుకు 21 జీబీ మోస్తే, రెండు దారులు తెరిస్తే 42 మోయగలదు. మేం ఇన్నాళ్లూ ఒక దారి మూసుకుని ఆడుకున్నాం. మర్నాడు మావాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్ దాకా పోయి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అదే రకం ముక్క వెతికి తెచ్చాడు. సాయంత్రం అతను వచ్చి పాతదాన్నీ తీసి, బంగారు రంగు కాళ్లను పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, రెండింటినీ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టాడు. పక్కపక్కన పెడితే రెండూ ఒకే దారిలో పడొచ్చు. గీత దాదాపు చదునైంది.

మిగిలిన ఒకటి రెండు ముళ్లు కారు ఊరు మారినప్పుడు లేస్తున్నాయి. గేము హార్డ్ డిస్కులో ఉంది. తిరిగే పళ్లెం మీద సూది ఒక్కసారి వెతుక్కోవడానికే పది మిల్లీసెకన్ల చొప్పున పోతుంది. పాత సినిమాలు తీసేసి ఎస్‌ఎస్‌డీలో చోటు చేసి గేమును అక్కడికి మార్చాడు. దానితో అవీ పోయాయి.

చివర చేసినది నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. అంకె 85 చూపిస్తుంటే దాన్ని 60కి కట్టేశాడు. మావాడి ముఖం చిన్నబోయింది. "మానిటర్ అరవయ్యే చూపిస్తది తమ్మీ. మీది ఇరవై అయిదు వేడికి పోతయి" అన్నాడు. కట్టేశాక గీత 16.7 దగ్గర దారం లాగి కట్టినట్టు నిలిచింది. కార్డు ఫ్యాను చప్పుడు తగ్గి, గదిలో గోడ గడియారం వినబడింది. మావాడు అదే మలుపులో కారు తిప్పాడు, గోడ తగల్లేదు.

కొత్తది ఏదీ అమ్మకుండా, కూలీ మాత్రం తీసుకున్నాడు. పక్క రేకు బిగించాక నోటుబుక్కు తెరిచి మా పేజీలో ఆఖరి అంకెలు రాశాడు: గది 34, ప్రాసెసర్ 69, గీత 16.7. దాని కింద ఇంకో వరస: దసరా సెలవుల్లో దుమ్ము చూడాలి, నాలుగో పిన్ను కూడా.