ఎవరి చేతి కింద?

నిజామాబాద్ జిల్లా బోధన్ వైపు పనివాణ్ణి కుదుర్చుకునేటప్పుడు ఎంతవరకు చదివాడని ముందుగా అడగరు. "ఎవరి చేతి కింద చేసినవ్?" అంటారు. తాపీ మేస్త్రీ కానీ, మోటార్ మెకానిక్ కానీ, జవాబుగా ఒక పేరు చెప్పాలి. ఆ పేరుకున్న పరపతే అతనికి సర్టిఫికెట్.

బడి సంగతికి వస్తే మాటలు మారిపోతాయి. సారు చెప్తడు, పిల్లగాడు ఇంటడు. అరకొరగా సాగితే అది వానకాలం సదువు. పనిలోనైతే చెప్పుడూ ఇనుడూ లేవు. పని వస్తది, పట్టువడ్తది, చివరికి చెయ్యి తిరుగుతది. ఈ మాటల్లో నేర్పినవాడి జాడే ఉండదు. అతణ్ణి పట్టుకోవాలంటే ఆ 'చేతి కింద' వెతకాల్సిందే.

బెల్లం వండే చోట ఈ తీరు కళ్లారా చూడొచ్చు. చెరుకు రసం మరిగి మరిగి పాకానికి వచ్చాక, ఎప్పుడు దించాలో ఏ గడియారమూ చెప్పదు. వండేవాడు గరిటెతో కొంచెం పాకం తీసి చన్నీళ్లలో వేస్తాడు, వేళ్ల మధ్య ఉండ చేస్తాడు. ఉండ జారిపోతే ఇంకాస్త కాగాలి. గట్టిగా నిలిస్తే ఇక ఆగకూడదు, ఆలస్యమైతే మాడు వాసన పట్టుకుంటుంది. పక్కన నిలబడ్డ కుర్రాడికి ఆయన ఇదంతా విడమరిచి చెప్పడు. "సూడు" అని ఉండను అతని వేళ్లలో పెడతాడు, అంతే.

చక్కెర మిల్లుల్లో యంత్రాలు పెద్దవే, కానీ పాకం మరిగే పాన్ దగ్గరి పనివాడు చేసేదీ దాదాపు ఇదే. కడ్డీతో నమూనా బయటికి లాగి, గాజు పలక మీద పరిచి, పలుకు ఎంత కట్టిందో చూస్తాడు. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్స్ నీడన తరాలు బతికాయి. 2015లో అది మూతపడ్డప్పుడు జీతాలు ఆగాయని అందరూ రాశారు. చేతి కింద నిలబడి చూసే చోటు కూడా పోయిందన్న సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు.

నిజాం కాలంలో చదువుకున్న పెద్దలది ఇంకో పదకోశం. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు ఉర్దూలోనే సాగాయి. కింది బడుల నుంచి వచ్చినవాళ్లు కూడా "నాలుగో జమాత్ దాకా సదివిన" అనేవారు. తెలుగులో చదువు కావాలని అడిగిన ఆంధ్ర మహాసభ 1937లో నిజామాబాద్‌లోనే సమావేశమైంది. బడిలో ఉర్దూ తగ్గింది కానీ పనిలో తగ్గలేదు. మెకానిక్ షెడ్డులో పెద్దాయన ఇప్పటికీ ఉస్తాదే. చదువు అనే అర్థమున్న 'తాలీం' మాట కుస్తీ పట్టే చోటికి పేరై స్థిరపడింది. బడి కంటే ఆ మట్టికే అది బాగా నప్పిందేమో!

1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువ నీళ్ల కోసం కోస్తా జిల్లాల రైతులు వచ్చి కట్టుకున్న ఊళ్లను క్యాంపులంటారు. ఇక్కడి 'సారు' మాట పక్కనే వాళ్ల 'మాస్టారు' వచ్చి చేరింది అలాగే.

ఇప్పటి మాట 'కోర్సు చేసిన'. నిజామాబాద్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి బయటికొచ్చే పిల్లల నోట అదే. ఫీజు కట్టారు, గడువు ముగిసింది, సర్టిఫికెట్ వచ్చింది. పని వచ్చిందా లేదా అన్నది మాత్రం కొలువిచ్చేవాడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తేల్చుకుంటున్నాడు.