పట్టపగలు దీపాలు

సోమవారం మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. ఎదుటి వరసలో ఆగిన తెల్ల కారు బంపర్‌కి రెండు పక్కలా ఎల్‌ఈడీ పట్టీలు, నీలం తిరిగిన తెల్లటి వెలుగు. అంత ఎండలోనూ కళ్లలో గుచ్చుకుంది. ఆ కారు ఇండికేటర్ వేసింది. పట్టీ మాత్రం ఆరలేదు, మసకబారనూ లేదు. దాని పక్కన మినుకుమంటున్న పసుపు లైటు ఆ తెలుపులో కలిసిపోయింది. కారు ఎటు తిరుగుతుందో తెలియక స్కూటర్ మీద వస్తున్న ఒకావిడ నడిరోడ్డులో ఆగిపోయింది. ఈ కాలమిస్టు ఇంటికెళ్లగానే ఈ వారానికి శీర్షిక రాసి పెట్టుకున్నాడు: ‘పగటి దీపాలు పీకించండి’.

ఆ శీర్షిక ఇప్పుడు పైన లేదు.

పాత పాఠకులకు ఈ కాలమిస్టు పట్టుదలలు తెలుసు. కంపెనీ వేసిన తీగను కోయకూడదన్నది మొదటిది. లైటు ఉన్నది దారి చూడటానికే తప్ప ముఖం చూపించుకోడానికి కాదన్నది రెండోది. ఈ రెండో మాట సొంతం కాదు, బాబాయిది.

బాబాయి కైకలూరు నుంచి హౌరాకి చేపల లారీ తోలేవాడు. ఐసు కరిగేలోపు చేరాలి కాబట్టి రాత్రీ పగలూ ఒకటే పరుగు. బ్యాటరీని కన్నబిడ్డలా చూసుకునేవాడు. తెల్లారాక ఎవడైనా లైట్లు ఆర్పకుండా ఎదురొస్తే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి సైగ చేసేవాడు. అప్పట్లో ఆ సైగ అందరికీ తెలుసు. అవతలివాడు వెంటనే ఆర్పేసి, చెయ్యెత్తి దణ్ణం పెట్టి పోయేవాడు.

ఒక సంక్రాంతి సెలవుల్లో ఈ కాలమిస్టు, అప్పటికి పదకొండేళ్లవాడు, ఏలూరు దాకా ఆ లారీలో వెళ్లాడు. ఉదయం ఎనిమిదయింది. కొల్లేటి మీద మంచు ఇంకా విడవలేదు. సూర్యుడు పైకొచ్చాడు గానీ చుట్టూ పాలు ఒలికినట్టుంది. రోడ్డు బాగానే కనిపిస్తోంది. గట్టు, దాని మీద కొంగలు, చెరువుల ఒడ్డున కాపలా పాకలు కూడా కనిపిస్తున్నాయి. బాబాయి లైట్ల స్విచ్ నొక్కాడు.

“తెల్లారిందిగా బాబాయ్? దారి కనపడుతోందిగా?”

“నాకు కనపడుతోందిరా. ఎదురొచ్చేవాడికి నేను కనపడొద్దూ?”

లైటు దారి చూడటానికే అన్న బాబాయి మాటను ఈ కాలమిస్టు ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాడు. ఆ ఉదయం లారీలో అన్న మాట ఎక్కడో జారిపోయింది. సోమవారం రాత్రి, కోపంగా కాలమ్ మొదలుపెట్టి మూడో పేరాలో బాబాయిని తలుచుకుంటుంటే, ఆ మంచు ఉదయం మొత్తంగా తిరిగొచ్చింది. ఇక కాలమ్ ముందుకి సాగలేదు.

వాహనం ముందు పగలూ వెలిగే ఈ పగటి దీపం ఉత్తర దేశాల్లో పుట్టిన అలవాటు. అక్కడ చలికాలమంతా సూర్యుడు నేలకి దగ్గరగానే ఉంటాడు, సందె వెలుగే పగలు. ఫిన్లాండ్ 1972లోనే చలికాలంలో ఊళ్ల బయటి రోడ్ల మీద పగలు లైట్లు వేయాలంది. స్వీడన్ 1977లో ఏడాది పొడవునా వేయాలంది. కెనడా 1989 డిసెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2011 ఫిబ్రవరి నుంచి కొత్తగా వచ్చే కారు మోడళ్లకు ఆ పని చేసింది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి ద్విచక్ర వాహనాలు ఇంజను తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలిగేలా వస్తున్నాయి. కొత్త బండి కొన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ ఏడాదంతా దారి పొడవునా జనం గుప్పిట మూసి తెరిచి చూపించారు. అచ్చం బాబాయి సైగే. కార్లకు మాత్రం ఇక్కడ అలాంటి నిబంధన లేదు.

మన ఎండలో ఇవెందుకని అడగొచ్చు. కంకిపాడు, ఉయ్యూరు వైపు పాత రోడ్ల మీద నిద్రగన్నేరు చెట్ల కింద మిట్టమధ్యాహ్నం నడిపి చూడాలి. ఎండ మచ్చ, నీడ మచ్చ, మళ్లీ ఎండ మచ్చ. అందులో తారురంగు కారు ఎదురొస్తే దగ్గరకొచ్చేదాకా కంటికి ఆనదు. ఈ కాలమిస్టు కారు అదే రంగు.

బుధవారం ఆ కారు పగటి దీపాలు పెట్టించుకోడానికి ఆటోనగర్‌కి వెళ్లింది.

దీపాలు బిగించడానికి ఎలక్ట్రీషియన్‌కి అరగంట పట్టింది. ఐరోపా నిబంధన ప్రకారం దీపం నేల నుంచి 250 మిల్లీమీటర్ల కంటే కిందా, 1500 కంటే పైనా ఉండకూడదు. రెండింటి మధ్య కనీసం 600 ఉండాలి. టేపుతో కొలిచి సరిచూశారు. కాంతి తెలుపే కావాలి, తీవ్రత 400 క్యాండెలాలకు తగ్గకూడదు, 1200 దాటకూడదు. కొన్న జతకి పెట్టె మీద 12 వాట్లని ఉంది. పాత రకం హాలోజన్ హెడ్‌లైట్లు రెండూ డిమ్‌లో వెలిగితే 110 వాట్లు.

ఆ తర్వాత రెండు గంటలు పట్టింది అవి ఆరేలా చేయడానికి. అసలు పనితనమంతా అక్కడే ఉంది. హెడ్‌లైటు వేసిన క్షణాన ఇవి వాటంతటవే ఆరాలి, లేకపోతే రాత్రి ఎదుటివాడి కళ్లు చెదురుతాయి. దానికి ఐదు కాళ్ల రిలే కావాలి. ఇంజను కీ తిప్పితే వచ్చే కరెంటు 30వ నంబరు కాలికి చేరి, 87ఏ గుండా దీపాలకు పోతుంది. హెడ్‌లైటు కరెంటు 86కి తగలగానే లోపలి కాయిల్ లాగుతుంది, పత్తా 87ఏని వదిలి ఖాళీగా ఉన్న 87కి మారుతుంది, దీపాలు ఆరిపోతాయి. ఆ ఎలక్ట్రీషియన్ కుర్రాడు హెడ్‌లైటు తీగకు చిన్న గాటు పెట్టబోతే కాలమిస్టు ఆపాడు.

“కొయ్యకుండా అవుతుంది గురూగారూ, కాకపోతే టైము పడుతుంది,” అన్నాడతను. రెండు కనెక్షన్లూ ఫ్యూజు పెట్టెలోంచే, ఫ్యూజు మీద ఫ్యూజు కూర్చునే ట్యాప్‌తో తీశాడు. అతుకులకు టేపు చుట్టకుండా టంకం పెట్టి, స్లీవు తొడిగి వేడి చేశాడు. రిలే టక్కుమన్న ప్రతిసారీ ముందుకెళ్లి చూసొచ్చాడు. దీపం తగ్గాల్సినప్పుడు తగ్గేలా చేయడానికి బెంజి సర్కిల్ కారుకి ఎవరూ ఇలా సమయం ఖర్చు పెట్టలేదు, కాలమిస్టు కోపం దీపం మీద కాక ఆ నిర్లక్ష్యం మీద ఉండాల్సింది.

శుక్రవారం సాయంత్రం ఉయ్యూరు నుంచి తిరిగొస్తుంటే పొద్దు వాలింది. ముందు రోడ్డు మీద తెల్లగా వెలుగు కనిపిస్తూనే ఉంది, అందువల్ల హెడ్‌లైటు వేయాలన్న ఆలోచనే రాలేదు. పెనమలూరు దగ్గర ఒక మోటారుసైకిలాయన పక్కకొచ్చి అద్దం మీద కొట్టాడు. “మాస్టారూ, వెనకాల ఏమీ వెలగట్లేదండీ. గుద్దేసేవాణ్ణి.” పగటి దీపంతో పాటు వెనక లైట్లూ వెలగాలన్న షరతు ఐరోపా నిబంధనలో లేదు. ఈ కాలమిస్టు ఎదురొచ్చేవాడి గురించే ఆలోచించాడు. కొల్లేటి గట్టు మీద బాబాయి స్విచ్ నొక్కినప్పుడు మాత్రం లారీ వెనక ఎర్ర లైట్లు కూడా వెలిగాయి.

దీపాలు పీకించడం లేదు. పార్కింగ్ లైట్లు కూడా వాటితో పాటే వెలిగేలా ఇంకో రిలే పెట్టించడానికి వచ్చే మంగళవారం కారు మళ్లీ ఆటోనగర్‌కి వెళ్తుంది. ఫ్యూజు పెట్టెలో ఇంకో ట్యాప్‌కి చోటుందని కుర్రాడు ఫోన్లో చెప్పాడు.