వాన లేదా, గరాటు మూసుకుందా?

మిర్చి కల్లంలో ఉన్నప్పుడు నాలుగు చినుకులు పడ్డా ఖమ్మం జిల్లా బోనకల్ రైతు గుండె జారిపోతుంది. అలాంటి చోట వాన లెక్క తప్పితే ఆ తప్పు కాగితం మీదే ఆగదు. మిర్చికి వాతావరణ ఆధారిత బీమా నడిచిన ఏళ్లలో పరిహారం తేల్చింది చేను కాదు, వాతావరణ కేంద్రం పంపిన అంకె. అందుకే కొత్త కేంద్రాలను పనిలో పెట్టే ముందు చేసే పరీక్షంటే నాకు అంత పట్టింపు.

రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. ఇలాంటి కేంద్రాల్లో సాధారణంగా గరాటులోంచి దిగిన నీరు తక్కెడలా ఊగే రెండు బుల్లి గిన్నెల్లో పడుతుంది. ఒకటి నిండి వంగితే ఒక లెక్క. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లయితే పరీక్షలో పోసే లీటరు నీళ్లంటే 50 మిల్లీమీటర్ల వాన. ఊపుకు 0.2 మి.మీ. చొప్పున 250 ఊపులు రావాలి. నెమ్మదిగా పోస్తే వస్తాయి. గుమ్మరిస్తే తగ్గుతాయి, ఎందుకంటే గిన్నె వంగుతుండగా పడ్డ నీరు లెక్కకు రాదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 2023 జూలైలో ఒక్క రోజే 649.8 మి.మీ. కురిసింది. సన్నటి ధారతో చేసిన పరీక్ష ఒక్కటే మనకు చాలదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది సున్నా. వాన లేకున్నా సున్నానే, ఆకు పడి గరాటు మూసుకున్నా సున్నానే. సిగ్నల్ పోయిన గంటను కూడా సున్నాతో నింపేస్తే ఆ ఊళ్లో వానే పడనట్టు. అందుకే పరీక్షలో సిగ్నల్ వైరు పీకేసి చూడాలంటాను. ఆ గంట పట్టికలో ఖాళీగా కనిపించాలి. ఖాళీ నిజం చెబుతుంది, దొంగ సున్నా చెప్పదు.

తప్పేది వాన లెక్క ఒక్కటే కాదు. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపించింది. సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిందని వాతావరణ శాఖ తేల్చేసరికి ఆ అంకె దేశమంతా తిరిగేసింది. అమెరికా వాతావరణ రిఫరెన్స్ కేంద్రాల్లో ఉష్ణోగ్రతకు మూడేసి సెన్సర్లుంటాయి, ఒకటి దారి తప్పితే మిగతా రెండూ పట్టిస్తాయి. మండలం మండలానికీ అంత ఖర్చు కష్టమే. పాత రెయిన్‌గేజి పక్కన కొత్తదాన్ని నిలబెట్టి రెండింటినీ ఏడాది పొడుగునా పోల్చడం మాత్రం కష్టం కాదు. జనవరిలో వారం బాగా నడిచిన యంత్రం బోనకల్ మే ఎండకు తట్టుకుంటుందని ఎవరు చెప్పగలరు?

మీ మండలంలో కొత్త కేంద్రం పెడితే అధికారులను ఆ ఏడాది పోలిక పట్టిక అడగండి. పంచాయతీ బోర్డు మీద అంటించమనండి.