కుట్టి, కోసి, మళ్లీ కుట్టి

పొందిక లేని పనిని తీసిపారేయడానికి మనకో మాట ఉంది: అతుకులబొంత. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో తరతరాలుగా బతుకుతున్న సెమినోల్ ఆడవాళ్ల అతుకుపని చూశాక ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు. మన బొంత పాతచీరలు చిరిగాక పుడుతుంది. వాళ్లు తానులోంచి కొత్త బట్ట తీసుకుని, కావాలనే పేలికలుగా చింపుతారు.

నడుము నుంచి పాదాల దాకా దిగే ఒక సెమినోల్ పరికిణీని తీసుకుందాం. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, నీలం రంగుల్లో అడ్డపట్టీలు ఒకదాని కింద ఒకటి వస్తుంటాయి. సాదా పట్టీల నడుమ రెండు మూడు వేళ్ల వెడల్పున మెట్లూ, వజ్రాలూ, బాణాల్లాంటి ఆకారాలూ బారులు తీరి ఉంటాయి. దూరం నుంచి చూస్తే అద్దకమో, మగ్గం మీద తీసిన అంచో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అవన్నీ విడివిడి గుడ్డముక్కలని తెలుస్తుంది. కొన్ని గోరంత కూడా ఉండవు.

అంత చిన్న ముక్కల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని కుడితే ఒక బట్టకే ఏళ్లు పడుతుంది. అక్కడే ఉంది వీళ్ల తెలివి. ముందు రంగురంగుల పొడవాటి పేలికల్ని నిలువునా జతచేసి చారల పట్టీ కుడతారు. పేలికల్ని చింపడానికీ కారణముంది. చింపితే బట్ట నేతపోగు వెంటే చిరుగుతుంది కాబట్టి అంచు తిన్నగా వస్తుంది. ఆ చారల పట్టీని అడ్డంగా చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో అప్పటికే మూడు నాలుగు రంగులు కుట్టుతో కలిసి ఉంటాయి. ఈ ముక్కల్ని ఒక్కో గడి కిందికి జరుపుతూ మళ్లీ అతికితే మెట్లు పుడతాయి. ఒకటి విడిచి ఒకటి తలకిందులు చేస్తే గళ్లు పుడతాయి. అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసి, ఎదురెదురు వాలున్న రెండు పట్టీల్ని కలిపితే బాణపు మొనలు వస్తాయి. కుట్టినదాన్ని కోయడమే ఈ కళకు ఆయువుపట్టు. అప్పుడే పూర్తిచేసిన కుట్టు మీద కత్తెర పెట్టడానికి ఎంత నమ్మకం కావాలో కుట్టుపని తెలిసిన ఏ ఇల్లాలైనా చెబుతుంది.

కొలత ఎక్కడ తప్పినా ఈ పని క్షమించదు. ఒకటిన్నర అంగుళాల పేలికలో రెండు పక్కలా పావు అంగుళం కుట్టులోకి పోతే పైకి కనిపించేది అంగుళమే. ఘేరు చుట్టూ 100 ముక్కలు ఉన్నాయనుకోండి. ఒక్కో కుట్టు మిల్లీమీటరు పక్కకు పోతే చివరికి 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు పైనే తేడా వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మెట్లుగా జరిపి అతికిన పట్టీకి రెండు వైపులా రంపపు పళ్లలాంటి అంచులు మిగులుతాయి. వాటిని తిన్నగా కత్తిరించగానే అంచు నేతకు ఐమూలగా పడుతుంది. ఐమూల అంచు సాగుతుంది, పట్టు తప్పితే అలలు తేలుతుంది. అందుకే పైనా కిందా సాదా పట్టీ వేసి బిగిస్తారు. కంటికి విశ్రాంతినిచ్చే ఆ సాదా రంగే బట్టను నిలబెట్టే చట్రం కూడా. ఒకే పట్టీతో రెండు పనులూ చేయించుకోవడం నాకు ఈ కళలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది.

ఇంత పనితనం చిత్తడి నేలల మధ్య పెరగడానికి వెనక ఒక యుద్ధ చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో ఉత్తరాన ఉన్న క్రీక్ జాతి పల్లెల నుంచి దిగివచ్చి ఫ్లోరిడాలో స్థిరపడినవాళ్లే వీరిలో ఎక్కువమంది. 1830 నాటి చట్టంతో అమెరికా ప్రభుత్వం వాళ్లను మిసిసిపీ నదికి పడమరగా తరలించాలనుకుంది. 1835 నుంచి 1842 దాకా పెద్ద యుద్ధం సాగింది. 1837లో సంధి జెండా కింద మాటలకు వచ్చిన ఒసియోలా అనే నాయకుణ్ణి సైన్యం బంధించింది. మరుసటి ఏడాది జనవరిలో అతను చెరలోనే చనిపోయాడు. వేలమందిని ఇప్పటి ఓక్లహోమాకు పంపేశారు. 1858లో చివరి యుద్ధం ముగిసేనాటికి కొన్ని వందలమంది మాత్రం ఎవర్‌గ్లేడ్స్ లోపలికి వెళ్లి, లొంగకుండా మిగిలారు.

సైప్రస్ కర్ర నిట్టాళ్ల మీద తాటిజాతి ఆకు కప్పి, గోడలు లేకుండా కట్టుకున్న పాకల్లో వాళ్లు ఉండేవాళ్లు. వాటిని చిక్కీ అంటారు. మగవాళ్లు మొసలి తోళ్లు, నీటికుక్కల తోళ్లు, కొంగ ఈకలు దోనెల్లో వేసుకుని ఫోర్ట్ లాడర్‌డేల్‌లోని స్ట్రానహాన్ కొట్టు వంటి చోట్లకు తెచ్చి బట్ట, పూసలు కొనుక్కెళ్లేవాళ్లు. 19వ శతాబ్దం చివరికి ఆ సరుకుల్లో చేత్తో తిప్పే కుట్టు మిషను కూడా చేరింది. ఒక చెయ్యి చక్రం తిప్పుతుంటే రెండో చేత్తో బట్టను నడపాలి. నేల నుంచి ఎత్తుగా కట్టిన చిక్కీ అరుగు మీద, అలా ఒంటిచేత్తో నడిపిన కుట్లే 1920 నాటికి ఈ పట్టీలుగా రూపుకట్టాయి.

మొదట్లో ఆకారాలు పెద్దవి, తేలికైనవి. రానురాను ముక్క చిన్నదైంది, ఆకారం క్లిష్టమైంది. నిప్పు, వాన, మెరుపు అంటూ నమూనాలకు పేర్లు వచ్చాయి. సెమినోల్ కుటుంబంలో వంశం తల్లివైపు నుంచి వస్తుంది. పెళ్లయ్యాక మగవాడే భార్య వాళ్ల చోటికి వెళ్లేవాడు. కాబట్టి ఆడపిల్ల అమ్మ పక్కన, అమ్మమ్మ పక్కన కూర్చుని చూసే ఈ పని నేర్చుకునేది.

కొంగ ఈకల వ్యాపారానికి చట్టాలు అడ్డుపడ్డాయి, కాలువలు తవ్వడంతో చిత్తడి ఎండింది, వేట చితికింది. 1928లో టాంపా నుంచి మయామీకి టమియామీ రోడ్డు పడ్డాక పర్యాటకుల రాక పెరిగింది. ఆడవాళ్ల కుట్టు ఇంటికి డబ్బు తెచ్చింది. తమ ఒంటికి కుట్టుకున్నదే అంగడికి వచ్చినా పనితనం పలచబడలేదు. ఈనాటికీ సెమినోల్ పెద్దలు అధికారిక సభలకు ఈ అతుకుల కోటు తొడుక్కునే వస్తారు.

ఫ్లోరిడాలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఓర్లాండోకు, మయామీకి చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లూ ఎక్కువే. వీలుచేసుకుని బిగ్ సైప్రస్ అనే చోట సెమినోల్‌లు నడుపుతున్న అహ్-తహ్-థి-కీ మ్యూజియం చూసి రండి. బట్ట కొనాలనిపిస్తే ముందు తిరగేసి చూడండి. అస్తరు ఉంటే వేళ్లతో తడమండి. ప్రతి రంగు మారే చోటా కుట్టు తగలాలి. తగలకపోతే అది అచ్చు వేసిన నకలు, కొనకండి.